వోబ్రాన్ దివాణం - 9: గేటు దగ్గర చెప్పిన మాట

లారీ దిగిన మనిషిని చూసి ఓదిల్ చేతిలో ఆపిల్ బుట్ట జారిపోయింది. పోయినవారం మనం అక్కడ ఆగాం.

వోబ్రాన్ దివాణంలో కింది హాలూ, చుట్టూ ఉన్న పొలమూ ఓదిల్ వాళ్ళకి తాతల నాటి నుంచి కౌలు. తండ్రి పోయాక వ్యవసాయం ఆమెదే. మేడమీద, ఆ దొరల వంశంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి ఉంటుంది. ఆవిడ సిదోనీ. అరవై తొమ్మిదేళ్ళు వచ్చినా, పెళ్ళి కాలేదు కాబట్టి, ఊరికి ఆవిడ ఇప్పటికీ చిన్నదొరసానే. ఇంటికప్పు కారిపోతోంది, బాగుచేయించాలి అని చెప్పి, హాల్లో ఉన్న నాలుగు వందల ఏళ్ళనాటి రాతి పొయ్యిగూడును ఆవిడ పారిస్ వర్తకుడెవరికో అమ్మేసింది. అక్కణ్ణుంచి అది ఓడెక్కి అమెరికా వెళుతుందట. దాన్ని ఊడదీయడానికి వర్తకుడు పంపిన మేస్త్రి ఫిర్మాన్. పందొమ్మిదేళ్ళ కిందట, 1908లో, బురుజు మెట్లు బాగుచేయడానికి వచ్చి ఆర్నెల్లు ఇక్కడే ఉన్న ఫిర్మాన్. నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగ నాటికి తిరిగొచ్చి మీ నాన్నని అడుగుతాను అని ఓదిల్‌కి మాటిచ్చి వెళ్ళిన ఫిర్మాన్. ఆ పండుగ వచ్చింది, వెళ్ళింది. ఆ తరవాత ఇంకో పద్దెనిమిది పండుగలు వచ్చాయి. అతను రాలేదు.

వాకిట్లో దొర్లిన పళ్ళని పాలు పితికే జెలీ ఏరింది. ఓదిల్ వంగలేదు.

"రసం తీసి పులియబెట్టకముందే మత్తెక్కిందేంటక్కా?" అంది జెలీ బుట్ట అందిస్తూ.

"కర్రచెప్పులు తడిశాయి. కాలు జారింది."

"కాలు జారితే పడాలి కదా? నువ్వు నిలబడే ఉన్నావు, బుట్టే పడింది!"

ఫిర్మాన్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు, యుద్ధం తీసుకుపోయి ఉంటుంది. భుజాలు మాత్రం అప్పటివే. "ఓదిల్" అన్నాడు.

"పొయ్యి మీద కుండ ఉంది. సూపు ఉడికేదాకా రాళ్ళ జోలికి రాకు" అనేసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

పందొమ్మిదేళ్ళ తరవాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది. ఎన్ని రాత్రులు ఎన్ని మాటలు కూర్చుకుందో! అతను వస్తే ఇలా అనాలి, అలా నిలదీయాలి, లేదంటే అసలు మాట్లాడకుండా తలుపు వేసెయ్యాలి. తీరా మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే, నోటికి వచ్చింది క్యాబేజీ సూపు సంగతి.

ఒకప్పుడు దొరలు వేట నుంచి వచ్చి, పెద్ద బల్లల ముందు కూర్చుని భోంచేసిన హాలు అది. ఓదిల్ పుట్టేనాటికే వంటిల్లు అయిపోయింది. రంగులు వేసిన దూలాలకి ఇప్పుడు పంది తొడలూ ఉల్లిపాయల దండలూ వేలాడుతున్నాయి. పొయ్యిగూడు మాత్రం ఇంకా దొరలదే అన్నట్టు గోడ నిండా నిలబడి ఉంది. అందులో దూడని నిలబెట్టొచ్చు. పైన రాతిలో ఇద్దరు దేవదూతలు పట్టుకున్న డాలు. ఆ డాలు మీద వంశచిహ్నం ఉండాల్సిన చోట ఉలి గాట్లే ఉన్నాయి.

ఫిర్మాన్ సుద్దముక్క తీశాడు. నిప్పు వేడి తగలని అంచు రాళ్ళ మీద మెల్లగా అంకెలు వేయడం మొదలుపెట్టాడు. డాలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"దీన్ని చెక్కేసింది మీ ముత్తాతగారు కదూ?"

"ముత్తాత వాళ్ళ నాన్న. విప్లవం నాడు ఊరంతా కలిసి వచ్చారట. ఆయన నిచ్చెనెక్కి సుత్తితో కొట్టాడు."

"పొయ్యిని మాత్రం ఏమీ చెయ్యలేదు."

"చలికాలం వస్తోంది కదా, బుద్ధిమంతుడు" అంది ఓదిల్ గరిటె తిప్పుతూ. "నువ్వు ఆయన్ని మించిపోయావు. రాయి కూడా వదలకుండా పట్టుకుపోతున్నావు."

జెలీ గుమ్మంలోంచి తల పెట్టింది. "మేస్త్రీ, రాళ్ళతో పాటు మమ్మల్ని కూడా అంకె వేసి లారీ ఎక్కించెయ్యండి! అమెరికాలో ఆవులున్నాయి గానీ పితికేవాళ్ళు లేరంటగా?"

"నీకు అంకె చాలదమ్మా, పెట్టె కావాలి. దారంతా వాగుతావు" అన్నాడు ఫిర్మాన్.

జెలీ పకపకా నవ్వుకుంటూ దూడల దగ్గరికి పోయింది. హాల్లో ఇద్దరే మిగిలారు. కుండ మూత టకటకలాడుతోంది. అతను నాలుగు అంకెలు వేశాడు. అయిదోది వేస్తూ, రాయితో మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"పిల్లలెంతమంది?"

"ఏ పిల్లలు?"

"నీ పిల్లలు. మిల్లు దగ్గర కాపురం అన్నారు... మళ్ళీ ఇక్కడికి ఎప్పుడొచ్చావు? మీ ఆయన యుద్ధంలో...?"

ఓదిల్ గరిటె కుండ అంచుకి ఆనించింది. "ఏం మాట్లాడుతున్నావు నువ్వు? మిల్లేంటి? ఆయనేంటి? నేను పుట్టింది ఈ హాల్లో. ఈ హాలు దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు."

ఫిర్మాన్ చేతిలోని సుద్దముక్క విరిగింది.

"పెళ్ళి...?"

"ఎవడొచ్చాడు చేసుకోవడానికి? వస్తానన్నవాడు రాలేదు."

అతను పక్కనున్న పీట మీద కూలబడ్డాడు.

"వచ్చాను ఓదిల్. పండుగ నాడే వచ్చాను. బెల్లెమ్ నుంచి నడిచి వచ్చాను. మీ నాన్న ముందు పాత బూట్లతో నిలబడకూడదని కొత్తవి కొన్నాను, అవి కరిచి మడమలు రెండూ రక్తాలు. మధ్యాహ్నం మూడయింది. గేటు దగ్గర చిన్నదొరసానిగారు ఉన్నారు. 'ఆలస్యం చేశావు మేస్త్రీ' అన్నారు. 'మొన్న శనివారమే దాని పెళ్ళయిపోయింది. మిల్లు వాళ్ళ అబ్బాయితో. సుఖంగా ఉంది. ఇప్పుడు వెళ్ళి దాని కాపురంలో నిప్పు పెట్టకు' అన్నారు."

ఓదిల్‌కి ఆ మధ్యాహ్నం మొత్తం కళ్ళ ముందుకి వచ్చింది. తెల్ల కాలరు వేసుకుని, జుట్టు రెండుసార్లు దువ్వుకుని, ఇదే పొయ్యి ముందు కూర్చుంది తను. ఆ సెప్టెంబరులోనే గడ్డిమేటు మీద నుంచి పడి నడుం విరిగిన నాన్న, పక్కన మంచం మీద ఉన్నాడు. కుక్క మొరిగింది. లేవబోయింది. నాన్న నీళ్ళడిగాడు. నీళ్ళిచ్చి తలుపు తీసేసరికి, కుక్క వచ్చి తోక ఊపుతూ గుమ్మంలో కూర్చుంది. దారి మీద ఎవరూ లేరు.

"గేటు నుంచి ఈ గుమ్మానికి ఎన్ని అడుగులో తెలుసా?" అంది నెమ్మదిగా. "నలభై. రోజూ పాలక్యాన్లు మోసేదాన్ని, నాకు తెలుసు. బెల్లెమ్ నుంచి మూడు కోసులు నడిచావు. ఈ నలభై అడుగులు నడవలేకపోయావా?"

"దొరసానిగారు అబద్ధం చెబుతారని ఎలా అనుకుంటాను? ఆ రోజుల్లో వాళ్ళ నోట్లోంచి ఒక మాట వస్తే..."

"మరి నా నోట్లోంచి వచ్చిన మాట? ఎదురుచూస్తానని చెప్పాను కదా. అది ఏమయింది?"

అతను ఆ తరవాతి సంగతి చెప్పాడు. ముప్ఫై ఏళ్ళ వయసులో నోజాన్‌లో పెళ్ళి చేసుకున్నాడు, మంచిది ఆ పిల్ల. యుద్ధం చివర వచ్చిన విషజ్వరంలో పోయింది. ఒక కూతురు, టోపీలు కుట్టే కొట్లో పనిచేస్తోంది. పోయిన నెలలో వర్తకుడి నోటి వెంట వోబ్రాన్ అన్న పేరు విన్నప్పుడు, ఈ పని నేనే చేస్తానని అడిగి మరీ తీసుకున్నాడు.

"నువ్వు ఇక్కడ ఉండవనుకున్నాను. ఒక్కసారి చూసి పోదామని వచ్చాను. నువ్వు కూర్చునే చోటు, నీళ్ళు తోడే చోటు. అంతే."

ఓదిల్ కుండ దించింది. చేతులు తుడుచుకుంది. "కూర్చో. సూపు తాగు. చల్లారిపోతుంది" అని, బురుజు మెట్ల వైపు నడిచింది.

గుండ్రంగా తిరిగే ఆ మెట్ల మీదుగానే రోజూ దొరసానికి కట్టెలూ నీళ్ళూ మోసింది ఆమె. పద్నాలుగు మెట్లు మిగతావాటి కన్నా తెల్లగా ఉంటాయి. అవి ఫిర్మాన్ వేసినవి. ఎవరూ చూడకుండా వాటి మీద కొంచెం నెమ్మదిగా నడిచిన రోజులున్నాయి. ఈ రోజు ఆగలేదు.

సిదోనీ దొరసాని కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఒంటి మీద రెండు శాలువలు, చేతులకి వేళ్ళ కొనలు లేని తొడుగులు. గదిలో మూడు చోట్ల బకెట్లు పెట్టి ఉన్నాయి. పైనుంచి చుక్కలు పడుతున్నాయి.

"ఆ కుర్రాడే కదూ?" అంది ఆవిడ తల తిప్పకుండా. "లారీ దిగుతుంటే చూశాను. చెవులు అలాగే ఉన్నాయి, తెరిచిన తలుపుల్లాగా."

"ఎందుకు చెప్పారమ్మగారూ?"

ఏమిటని దొరసాని అడగలేదు. కాదని కూడా అనలేదు. శాలువ సర్దుకుంది.

"మీ నాన్న మంచాన పడ్డాడు. నువ్వు వెళ్ళిపోతే దున్నేదెవరు? మీరు కౌలు వదిలేస్తే మా అన్నయ్య పొలం ముక్కలు చేసి అమ్మేసేవాడు. అప్పటికే బేరాలు మాట్లాడుతున్నాడు. కింద పొగ రాని దివాణం ఎన్నాళ్ళు నిలుస్తుంది ఓదిల్? మూడు చలికాలాలు. చుట్టుపక్కల నువ్వు చూడలేదూ? వాళ్ళు వెళ్ళిపోయారు, వీళ్ళు వెళ్ళిపోయారు, కప్పులు కూలి గోడల మీద ముళ్ళపొదలు మొలిచాయి. గేటు దగ్గర వాణ్ణి చూశాను. బూట్లు మెరుస్తున్నాయి. నాకు అర్థమైపోయింది. నోటికి ఏం వస్తే అది అనేశాను."

"నోటికి వచ్చిందా! వరుడితో సహా వచ్చిందే!"

"నేనూ ఒకణ్ణి వద్దన్నాను, ఈ ఇంటి కోసమే. అతని పేరు నీకు తెలియదు. ఎవరికీ తెలియదు."

"వద్దన్నది మీరు" అంది ఓదిల్. "మీకోసం వచ్చినవాడు మిమ్మల్ని అడిగాడు, మీరు వద్దన్నారు. నాకు ఆ వద్దనే మాట కూడా దక్కనివ్వలేదు మీరు. అడిగి ఉంటే నాన్న కోసం నేనే ఆగేదాన్నేమో. రెండేళ్ళు ఆగు అనేదాన్నేమో ఫిర్మాన్‌తో. ఆగేవాడు. అతను ఆగే మనిషే. నన్ను ఎవరూ అడగలేదు. గేటు దగ్గర మీరూ అతనూ కలిసి నా బతుకు తేల్చేశారు. నేను లోపల కూర్చుని కుక్క మొరిగితే లేస్తూ ఉన్నాను, పందొమ్మిదేళ్ళు!"

బకెట్లో చుక్క పడింది. దొరసాని మొహం అప్పుడు తిప్పింది. కళ్ళు తడిగా ఉన్నాయో, వయసుకి అలా ఉన్నాయో చెప్పడం కష్టం.

"యుద్ధంలో మగాళ్ళంతా పోయినప్పుడు ఈ ఇంటిని నిలబెట్టింది నువ్వు. కప్పు మీదకెక్కి పెంకులు బిగించావు, నేను చూస్తూనే ఉన్నాను. అన్నయ్య పోయాక నాకు ఎవరున్నారు? విను. ఆ పొయ్యిని పోనివ్వను. వాణ్ణి పంపించెయ్. దివాణం నీ పేర రాస్తాను. ఇల్లు, బురుజు, తోట, అంతా. నా తరవాత నీదే. ఒకటే కోరుతున్నాను, నువ్వు వెళ్ళిపోకూడదు."

కోపంతో మెట్లెక్కి వచ్చిన ఓదిల్, ఆ కోపం ఒక్కసారిగా ఎటు పోయిందో తెలియక నిలబడిపోయింది. ఎందుకంటే ఆమెకి ఒక సిగ్గుపడే కోరిక ఉంది. ఎవరితోనూ అనలేదు, ఫిర్మాన్‌తో కూడా అనలేదు. తోటవైపు కిటికీ ఉన్న ఈ పై గదిలో ఒక్క రాత్రి పడుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. కట్టెలు దించేటప్పుడు ఆ కిటికీలోంచి కనిపించేదంతా, ఆపిల్ చెట్లూ, మేతలో గుర్రాలూ, వాగు మీద మంచూ, ఒక్క క్షణం చూసి కిందికి దిగిపోయేది. ఇది నాది అని పైకి ఏనాడూ అనలేదు. లోపల అనుకోని రోజు లేదు. ఒక మనిషి కోసం ఎదురుచూసినన్నాళ్ళూ ఈ గోడల కోసం కూడా ఎదురుచూసింది. ఏ ఆశ దేనిదో విడదీయలేనంతగా ఆ రెండూ కలిసిపోయాయి.

"మీ తరవాత కాదు" అంది చివరికి. "ఇప్పుడే రాయాలి. రేపే నోటరీని పిలిపించండి."

"సోమవారం" అంది దొరసాని వెంటనే. "సోమవారం పిలిపిస్తాను. నా మాట." చెయ్యి చాపి ఓదిల్ మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు మంచులా ఉన్నాయి, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

ఓదిల్ మెట్లు దిగుతున్నప్పుడు గోడని చేత్తో రాసుకుంటూ దిగింది. రాయి చల్లగా తగిలింది. మొదటిసారి అది మరొకరి రాయిలా అనిపించలేదు.

ఫిర్మాన్ పీట మీదే ఉన్నాడు. సూపు ముట్టలేదు.

"లారీ ఖాళీగా వెనక్కి పంపించెయ్" అంది. "పొయ్యి కదలదు. డాలు మీద ఉలిగాట్లతో సహా అక్కడే ఉంటుంది. సోమవారం ఈ ఇల్లు నా పేరు మీదికి వస్తుంది."

"నీ పేరు మీదికా?"

"ఏం, నా పేరు అంత వికారంగా ఉందా?" అంది, ఆ మాటకి ఆమెకే నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు, ఎలా ఆపుకోవాలో తెలియలేదు. "నువ్వు ఉంటావో వెళతావో నేను చెప్పను. ఈసారి నువ్వే తేల్చుకోవాలి. కానీ చెబుతున్నాను విను. కప్పు కారుతోంది, నీ మెట్లు అరిగాయి, నాకొక మేస్త్రి కావాలి. తొందరపడి కొత్త బూట్లు కొనకు."

అతను నవ్వుతాడనుకుంది. అతని మొహం బూడిదలా పాలిపోయింది. లేచి నిలబడ్డాడు. కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు పట్టుకున్నాడు.

"పొద్దుటి నుంచి చెప్పాలనుకుంటున్నాను. నోరు రాలేదు. ఖాళీ ఇల్లనుకునే ఒప్పుకున్నాను ఓదిల్, నువ్వున్నావని తెలిస్తే... పొయ్యిగూడు ఒక్కటే కాదు. అది మొదటిది."

ఓదిల్ కాగితం తీసుకుని విప్పింది. వర్తకుడి గుమస్తా రాత, గుండ్రంగా, శుభ్రంగా ఉంది. హాలు పొయ్యిగూడు, ఒకటి. బురుజు మెట్లు, నలభై రెండు. చెక్కిన రాతి కిటికీ చట్రాలు, పదకొండు. రంగు దూలాలు, అన్నీ. పావురాల బురుజు, పునాది దాకా. కప్పు పెంకులు, అన్నీ. అన్నీ విప్పుకున్నాక మిగిలిన గోడరాయి రోడ్డు పనికి. అయిదుగురు పనివాళ్ళు పని మొదలుపెట్టాల్సిన తేదీ కూడా ఉంది, అది ఈ వచ్చే సోమవారమే.

కింద ఆగస్టు మూడో తేదీ. ఆ పక్కన, కొంచెం వణికినా స్పష్టంగానే, సిదోనీ ద వోబ్రాన్ అని సంతకం.

ఓదిల్ తలెత్తి బురుజు వైపు చూసింది. పైన దొరసాని గది తలుపు మూసుకుంది. ఆ వెంటనే, ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ వినని చప్పుడు వినిపించింది. లోపలి నుంచి గడియ పడింది.